వెడల్పు టైరూ కార్తీక మాసం వానా

"తాతా, కారుకు టైర్లు మార్చాలి. ఇప్పుడున్న 205 తీసేసి వెడల్పాటి 245 వేయిస్తే రోడ్డును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది గదా?" అని మా మనవడు అడిగాడు. వాడికి చెన్నైలో ఉద్యోగం. ఇష్టపడి ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాడు. సెలవు దొరికితే నెల్లూరు వచ్చేస్తాడు. ఈ ప్రశ్న వాడి ఒక్కడిదే కాదు. హైవే పక్కన ఏ టైరు షాపులో నిలబడినా కుర్రవాళ్ళు అడిగేది ఇదే. అందుకని వాడికి చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం రా నాయనా. నీ కారు బరువు మనుషులతో కలిపి 1400 కిలోలు అనుకో. నాలుగు చక్రాలకూ సమంగా పంచితే ఒక్కోదాని మీద 350 కిలోలు. టైరులో గాలి 33 పాయింట్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోల చొప్పున నెడుతుందన్నమాట. కారు బరువును మోసేది చాలావరకు రబ్బరు కాదు, లోపలున్న గాలే. 350ని 2.3తో భాగించు. 150 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు వచ్చిందా? ఒక్కో టైరు రోడ్డును తాకే జాగా అంతే. నువ్వు బ్రేకు తొక్కినా, స్టీరింగు తిప్పినా, ఇంజను తన బలమంతా చూపించినా, ఆ పని మొత్తం ఇంత చిన్న జాగాలు నాలుగింటి మీదుగానే జరగాలి.

ఈ లెక్కలో బరువు వచ్చింది, గాలి వచ్చింది. వెడల్పు ఎక్కడన్నా వచ్చిందా? రాలేదు. 245 వేసినా రోడ్డును తాకే జాగా దాదాపు అంతే ఉంటుంది, దాని ఆకారం మాత్రం మారుతుంది. సన్న టైరు కింద అది కాస్త పొడుగ్గా ఉంటుంది. వెడల్పు టైరు కింద అడ్డంగా పరుచుకుని, ముందువెనకల పొట్టిగా తయారవుతుంది. టైరు గోడలకూ కొంత బిగువు ఉంటుంది గనక లెక్క అణాపైసలతో సహా సరిపోదు. కానీ అసలు సంగతి ఇదే.

నమ్మకం కుదరకపోతే మీ చెల్లెలి సైకిలు పట్టుకురా. వెనక టైరును తడిపి, నేల మీద పరిచిన పాత పేపరు మీద ఆనించి, చెల్లెల్ని సీటు మీద కూర్చోబెట్టి, కదలకుండా పట్టుకో. కాసేపటికి కాగితం మీద పడిన తడి మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీయి. తర్వాత గాలి సగం తీసేసి, కొత్త కాగితం మీద మళ్ళీ అదే పని చెయ్యి. రెండో మచ్చ దాదాపు రెట్టింపు ఉంటుంది. మైపాడు బీచి ఇసుకలో దిగబడిన జీపుకు గాలి తీసి పైకి లాగడం వెనక ఉన్న కిటుకు ఇదే. జాగా పెంచేదీ తగ్గించేదీ గాలి.

"మరి కంపెనీలే వెడల్పు టైర్లు వేస్తున్నాయి గదా తాతా?" అన్నాడు మనవడు. వేస్తున్నాయి. పోర్షె 718 కేమన్ మామూలు రకానికి ముందు 235, వెనక 265 వేశారు. దాని ఇంజను సీట్ల వెనక ఉంటుంది, బరువు వెనక చక్రాల మీద ఎక్కువ పడుతుంది, కారును తోసేవీ ఆ చక్రాలే. పొడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు అడ్డంగా పరుచుకున్న జాగా స్టీరింగు మాట చటుక్కున వింటుంది. రబ్బరు ఎక్కువ ఉంటుంది గనక వేడిని పంచుకుంటుంది, మెత్తటి రబ్బరు వాడినా తొందరగా అరిగిపోదు. లాభం ఉంది, నేను కాదనను. కానీ ఆ కొలతకు తగ్గట్టు వాళ్ళు సస్పెన్షన్నీ, రిమ్మునూ, బ్రేకులనూ కలిపి లెక్క కట్టారు. ఆ లెక్కలో నుంచి ఒక్క టైరును మాత్రం నువ్వు మారిస్తే మిగతావన్నీ తప్పుతాయి. పైగా వాళ్ళు చూసుకున్న రోడ్డు వేరు, మన కోస్తా రోడ్డు వేరు.

మన వానల సంగతి నీకు తెలియంది కాదు. రాష్ట్రంలో చాలా చోట్ల పెద్ద వానలు శ్రావణ భాద్రపదాల్లో పడితే, నెల్లూరుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు వదలదు. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చి కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అంత వరద రాకపోయినా, లారీలు తొక్కి తొక్కి గాడి పడిన చోట రెండు మూడు మిల్లీమీటర్ల నీళ్ళు నిలిచి ఉంటాయి. చీకట్లో అవి కంటికి కనబడవు.

ఆ మూడు మిల్లీమీటర్ల నీళ్ళ మీదుగా 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నావనుకో. 205 టైరు సెకనుకు 17 లీటర్ల నీటిని పక్కకు తొలగించాలి. అంటే ఒక్కో సెకనుకు ఒక నిండు బిందెడు నీళ్ళను పక్కకు నెట్టాలి, అదీ ఒక్కో చక్రం. 245 అయితే 20 లీటర్లు దాటుతుంది. టైరు మీది గాడులు ఉన్నది ఈ పనికే. గాడులు పట్టు కోసం అనుకుంటాం గానీ, పొడి రోడ్డు మీద గాడులు లేని నున్నటి టైరుదే ఎక్కువ పట్టు. ఫార్ములా వన్ కార్లు ఎండలో నున్నటి టైర్లతో పరుగెత్తేది అందుకే. వాన పడగానే మార్చేదీ అందుకే.

గాడులు తొలగించగలిగిన దానికన్నా ఎక్కువ నీళ్ళు ఎదురైతే టైరు ముందు నీరు గుట్టగా పోగవుతుంది. ఆ నీటి ఒత్తిడి లోపలి గాలి ఒత్తిడితో సమానమైందంటే టైరు రోడ్డును వదిలి నీటి మీదికి లేస్తుంది. స్టీరింగు తేలికైపోతుంది, బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. విమానాలు తడి రన్‌వే మీద దిగి జారిపోతుంటే అమెరికా నాసా వాళ్ళు దీన్ని పరిశోధించారు. లాంగ్లీ కేంద్రంలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అనే ఇద్దరు 1963లో ఒక సులువైన సూత్రం ప్రకటించారు. దాన్ని మన కొలతల్లో చెబుతాను. గాలి పాయింట్ల వర్గమూలాన్ని 16.7తో గుణించు. టైరు తేలిపోయే వేగం కిలోమీటర్లలో వస్తుంది. 36 పాయింట్లుంటే గంటకు 100 కిలోమీటర్లు, 25 ఉంటే 83. గాడి లోతు కన్నా నీటి లోతు ఎక్కువ ఉన్నప్పటి మాట ఇది. గాడులు లోతుగా ఉండి నీరు పలచగా ఉంటే ఇంకాస్త వేగం దాకా టైరు నిలబడుతుంది. తర్వాత హార్న్ మరో సంగతి కూడా చూపించాడు. రోడ్డును తాకే జాగా అడ్డంగా, పొట్టిగా ఉంటే టైరు ఇంకా తక్కువ వేగానికే తేలుతుంది. నువ్వు వేయిస్తానంటున్న వెడల్పు టైరు జాగా ఆకారం అదే గదరా అబ్బయ్యా!

పందేల వాళ్ళకయితే ఇన్ని బాధలు లేవనుకుంటావేమో. నువ్వు చెన్నై నుంచి వచ్చే దారిలోనే షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలయ్యేదాకా దక్షిణాదిన కారు పందేలంటే షోలవరమే. పందేల వాళ్ళకూ వాన లెక్క తప్పదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి చూశావా? వాటికి హాంకుక్ కంపెనీ ఇచ్చినవి గాడులున్న టైర్లు. ఎండకూ వానకూ అవే. ఊరి రోడ్డు మీద నడిచే పందేనికి అలాంటి టైరునే ఎంచుకున్నారు.

టైరు తన లెక్క తప్పితే ఏమవుతుందో 2005 జూన్ 19న ఫార్ములా వన్ పందెం జరిగిన ఇండియానాపొలిస్‌లో లోకమంతా చూసింది. ఆ ట్రాక్ చివరి మలుపు ఒక పక్కకు వాలుగా ఉంటుంది. ఆ వాలులో వేగంగా పోతుంటే ఎడమ వెనక టైరు మీద విపరీతమైన భారం పడుతుంది. ప్రాక్టీసులో మిషెలిన్ టైర్లు అక్కడ దెబ్బతిన్నాయి. రాల్ఫ్ షూమాకర్ కారు గోడకు కొట్టుకుంది. పందెం రోజున ఆ టైర్లున్న 14 కార్లూ ఒక్క చుట్టు వేసి లోపలికి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే పరుగెత్తాయి. అందులో కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఫార్ములా వన్‌లో భారతీయుడు సంపాదించిన మొదటి పాయింట్లు అవే. మిషెలిన్ ఆషామాషీ కంపెనీ కాదు. రేడియల్ టైరుకు 1946లో పేటెంటు తీసుకున్నది వాళ్ళే. అంతటి వాళ్ళ టైరే ఒక్క మలుపు లెక్క తప్పేసరికి నిలబడలేకపోయింది. మంచి టైరు, చెడ్డ టైరు అని ఊరికే అనలేం. ఏ రోడ్డుకు, ఏ బరువుకు, ఏ వాతావరణానికి అని అడగాలి.

"వెడల్పు కాకపోతే మరి పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు మనవడు. మంచి ప్రశ్న. పట్టు రబ్బరు గుణంలో ఉంది. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకు జిగురైపోకుండా, చలికి పగిలిపోకుండా ఉంటుందని కనిపెట్టాడు. అలా పదును పట్టిన రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. ఒకటి, దాని అణువులు రాతికి అంటుకుంటూ విడిపోతూ ఉండడం. రోడ్డు తడిస్తే ఇది బాగా తగ్గిపోతుంది. రెండోది, కంకర మొనలు రబ్బరులోకి దిగడం. నొక్కుకున్న రబ్బరు వెంటనే యథాస్థితికి రాదు, కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో కారు జోరు కొంత వేడిగా మారిపోతుంది. వానలో మనల్ని ఎక్కువగా కాపాడేది ఈ రెండోదే.

ఇక్కడో చిక్కుంది. వానలో కాపాడే ఈ ఆలస్యమే, టైరు మామూలుగా దొర్లేటప్పుడు పెట్రోలు తింటుంది. చాలాకాలం రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చేది. 100 కిలోమీటర్ల వేగంలో టైరు సెకనుకు పద్నాలుగు సార్లు తిరుగుతుంది, అన్నిసార్లే వంగుతుంది. అదే బ్రేకు తొక్కి జారుతున్నప్పుడు కంకర మొనల మీద రబ్బరు సెకనుకు వేల సార్లు, ఇంకా ఎక్కువ సార్లు అదురుతుంది. ఈ రెండు అదుర్లకూ వేర్వేరుగా స్పందించే రబ్బరు కావాలి. నల్లటి కార్బన్ పొడి బదులు సిలికా కలిపి, అది రబ్బరుతో కలిసిపోయేలా సిలేన్ అనే రసాయనం చేర్చి, 1990ల మొదట్లో ఆ పని సాధించారు. ఈ సిలికా పుట్టుక ఇసుకలోనే. మన గూడూరు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో తెల్లటి ఇసుక తవ్వి గాజు ఫ్యాక్టరీలకు పంపుతారు చూడు, అలాంటి ఇసుకను సోడా యాష్‌తో కరిగించి, ఆమ్లంతో విడగొడితే మెత్తటి తెల్ల పొడి వస్తుంది. టైరులో పడేది ఆ పొడి. టైరు నల్లగా ఉంది గనక లోపల అంతా ఒకటే అనుకోకు. ఒకే కొలతలో రెండు టైర్లు పక్కపక్కన పెడితే తడి రోడ్డు మీద ఒకటి ముందు ఆగుతుంది, ఒకటి చాలా దూరం పోయి ఆగుతుంది. తేడా చాలావరకు ఈ వంటకంలో ఉంది.

ఇప్పుడు కారు దగ్గరికి పద. టైరు గోడ మీద వంగి చదువు. 205/55 ఆర్16 91వి అని ఉందా? 205 మిల్లీమీటర్ల వెడల్పు. గోడ ఎత్తు అందులో నూటికి 55 వంతు, అంటే 113 మిల్లీమీటర్లు. రేడియల్. రిమ్ము 16 అంగుళాలు. కింద నుంచి పైదాకా మొత్తం ఎత్తు 632 మిల్లీమీటర్లు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. 'వి' అంటే 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. 'హెచ్' అయితే 210, 'డబ్ల్యు' అయితే 270.

మొత్తం ఎత్తు మారకుండా చూసుకోవడమే మార్పులో మొదటి నియమం. 17 అంగుళాల రిమ్ముకు 225/45 వేస్తే ఎత్తు 634 వస్తుంది, ఫరవాలేదు. 55 అలాగే ఉంచి 245 వేశావనుకో, ఎత్తు 676కు పోతుంది. కారు 100లో పోతుంటే మీటరు 94 లోపే చూపిస్తుంది, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. పోనీ 245/40 ఆర్17 వేద్దామంటే ఎత్తు సరిపోతుంది గానీ దానికి కనీసం 8 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. నీ పాత రిమ్ము దానికి చాలదు. రిమ్ము పెరిగిన కొద్దీ గోడ పొట్టిదవుతుంది, గుంటలో పడితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనబడితే ఆ టైరు పని అయిపోయినట్టే. దానికి అతుకు లేదు. తయారీదారు ఒప్పుకున్న కొలతలు దాటిపోవడం చట్టానికీ సరిపడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పింది.

ఆ పక్కనే డాట్ అన్న అక్షరాల చివర నాలుగు అంకెలు చూడు. 3524 అని ఉంటే 2024లో 35వ వారం తయారైందని. షాపువాడు ఎంత తగ్గించి ఇస్తానన్నా పాత సరుకు వద్దు. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి. మన దేశంలో 2022లో తడి పట్టు, దొర్లుడు నిరోధం, చప్పుడు మూడింటికీ ప్రమాణాలు పెట్టారు. తడి పట్టు గురించి షాపులో నోరు తెరిచి అడుగు. ట్రెడ్‌వేర్ అని 200 ఉంటే రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. 400 ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది. గోడ మీద బాణం ఉంటే చక్రం ఆ వైపే తిరగాలి. బాణం తిరగబడితే గాడులు నీళ్ళను సరిగా బయటికి తోయవు.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో మన హైవే ఎలా కాగుతుందో తెలుసు గదా. పొద్దున 30 డిగ్రీల్లో 33 పాయింట్లు పెట్టించావు. గంట పరుగెత్తాక లోపల 60 డిగ్రీలైతే అదే గాలి 38 దగ్గరికి వస్తుంది. భయపడి ఆ వేడి మీద 33కు దించేశావనుకో, మర్నాడు పొద్దునకు 29 చూపిస్తుంది. ఇందాకటి సూత్రం వేసి చూడు. తేలిపోయే వేగం 96 నుంచి 90కి పడిపోతుంది. గాలి చల్లటి టైరులోనే చూడాలి. నైట్రోజన్ పెట్టించమంటారు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు అదే ఉంది. తేమ లేకపోవడం దాని ముఖ్యమైన లాభం. పదిహేను రోజులకోసారి గాలి చూసుకునేవాడికి ఏదైనా ఒకటే.

సముద్రం పక్కన మనకు ఇంకో శత్రువు ఉంది, ఉప్పుగాలి. ఇస్కపల్లి ఉప్పు మళ్ళ వైపు తిరిగే బళ్ళ అలాయ్ చక్రాలు చూడు. టైరు కూర్చునే అంచు దగ్గర తెల్లగా పొక్కుతుంది. అక్కడి నుంచి గాలి సన్నగా పోతుంది. పంక్చరు షాపువాడు ఎంత వెతికినా మేకు దొరకదు. బీచి నుంచి రాగానే మంచినీళ్ళతో రిమ్ములు కడిగించు. టైరు మార్చేటప్పుడు ఆ అంచును శుభ్రం చేయించు. కారును నెలల తరబడి కదపకుండా పెట్టేయకు. రబ్బరులో పగుళ్ళు రాకుండా కలిపిన మైనం, టైరు వంగుతూ ఉంటేనే పైకి వచ్చి కాపాడుతుంది.

కాబట్టి నా మాట విను. కంపెనీ కొలతే ఉంచు. మరీ ముచ్చటైతే ఎత్తు సరిపోయేలా ఒక్క అంగుళం రిమ్ము పెంచు, అంతే. డబ్బు వెడల్పు మీద కాదు, రబ్బరు నాణ్యం మీద పెట్టు. నాలుగూ ఒకే రకం, ఒకేసారి వేయించు. రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేయించు. వానలో ముందు చక్రం జారితే యాక్సిలరేటరు మీది కాలు తీసి అదుపు చేసుకోవచ్చు, వెనక చక్రం జారితే బండి గిర్రున తిరుగుతుంది. కొత్త టైరుకు 8 మిల్లీమీటర్ల దాకా గాడి ఉంటుంది. చట్టం 1.6 దాకా ఆగుతుంది గానీ, మన వానలకు నువ్వు 3 దగ్గరే ఆగు. దసరా ముందు ఒకసారి గాడులు చూసుకో. వేగం మీద మనసుపడితే ఇరుంగాట్టుకోట్టైలో తోలు, అక్కడ ఎదురు బండ్లుండవు. ఆదివారం షాపుకు వెళ్దాం. నేనూ వస్తాను, బేరం ఆడేలోపు గోడ మీది అంకెలు ఇద్దరం కలిసి చదువుదాం.